మన యింటికి తగిన కెమెరా

గృహమునకు వలసిన వస్తువులలో కొన్ని దినదినము వాడుకకు వచ్చును. కొన్ని యేడాదికి నాలుగైదు మారులు మాత్రమే వెలుపలికి వచ్చును. కెమెరా యీ రెండవ తెగలోనిదని పలువురు తలంతురు. కాని బిడ్డ వేసిన తొలి యడుగు, అవ్వ బోసినవ్వు, ఆడపడుచు పెండ్లిపీటలపై కూర్చున్న ముహూర్తము, ఇవి మరల వచ్చునవి కావు. బియ్యము పురుగుపట్టినచో మరల తెచ్చుకొనవచ్చును. గడచిన దినమును ఏ యంగడిలోను కొనలేము. అందువలన నీ వస్తువును కొనునప్పుడు అంగడివాని మాటలను బట్టి గాక మన యవసరమును బట్టి నిర్ణయించుకొనుట మేలు.

కొంత సొమ్ము మిగిల్చి కెమెరా కొనదలచిన సోదరీమణుల యెదుట సాధారణముగా రెండు రకములు నిలుచును. మొదటిది గుప్పిటిలో నిముడునట్టి చిన్న కెమెరా. దాని లెన్సును తీయుటకు వీలులేదు. కాని మీట నొక్కిన మాత్రాన అది ముందునకు సాగి దూరమున నున్నదానిని దగ్గఱకు తెచ్చి చూపును. దీనిని సూపర్‌జూమ్ అందురు. రెండవది లెన్సు మార్చుకొనుటకు వీలుగల డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌. అనునది. ఇందు లెన్సు వెనుక నొక యద్దముండి, ఎదుటి దృశ్యమును పైకి మరల్చి మన కంటికి చూపును. మీట నొక్కగానే యద్దము పైకి లేచును; వెలుగు వెనుకనున్న సెన్సర్‌పై పడి చిత్రమగును. ఈ రెండవ జాతిలో క్రొత్తగా నేర్చువారికై చేసిన చవుకరకము ధర ఒక్కొక్కప్పుడు మంచి సూపర్‌జూమ్ ధరకు దగ్గఱగా నుండును. అక్కడనే సందేహము పుట్టును.

అందఱి చేతులలోను ఫోనుండగా వేఱొక కెమెరా యేల యని యడుగుట న్యాయమే. వంటింటిలో, పెరటిలో, పట్టపగలు, నాలుగడుగుల దూరమున నున్న మనుష్యుని చిత్రమునకు ఫోను చాలును. అందుకొఱకే మఱొకటి కొనదలచినచో ఆ సొమ్మును బ్యాంకులో వేసికొనుట మంచిది. ఫోనునకు చేతగాని పనులు ముఖ్యముగా రెండు. బహుదూరమున నున్నదానిని స్పష్టముగా పట్టుట మొదటిది. మసకవెలుగులో కదలుచున్నదానిని పట్టుట రెండవది. చిన్న సూపర్‌జూమ్ మొదటి పనికి పుట్టినది. పెద్ద కెమెరా రెండవ పనికి పుట్టినది. ఈ యొక్క మాట జ్ఞాపకమున్నచో సగము చిక్కు విడిపోవును.

ఇది స్త్రీలకు సంబంధించిన విషయమా యని యెవరైన ననుకొనవచ్చును. మన దేశమున కెమెరాకును స్త్రీలకును నడుమ చాలకాలము తెర వ్రేలాడుచుండెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగా నొక స్టూడియో నెలకొల్పి, శ్రీమతి కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనితను దానికి నియమించెను. పరపురుషుని యెదుట నిలువరాని స్త్రీలు అట్లు తమ రూపములను నిలుపుకొనిరి. పిమ్మట హోమాయి వ్యారావాలా (1913–2012) కెమెరాను తానే చేతబట్టి, మన దేశమున పత్రికలకు ఛాయాచిత్రములు తీసిన తొలి మహిళగా పేరొంది, 2011లో పద్మవిభూషణ్ పురస్కారము నందెను. చీరకట్టుతో బరువైన కెమెరాను మోసి, నాయకుల సభలలో ఆమె పనిచేసెను. యంత్రము స్త్రీలకు బోధపడదను మాట అప్పుడే వీగిపోయినది.

ఇక నీ రెండింటి లోపలి భేదమును చూతము. వానకురియు వేళ చూరుక్రింద నొక మందుగిన్నెను, నొక వెడల్పైన పళ్ళెమును పెట్టినచో, ఒకే సమయములో దేనిలో నెక్కువ నీరు చేరునో వేఱుగ చెప్పనక్కఱలేదు. కెమెరాలోని సెన్సర్ యిట్టి పాత్ర. దానిపై కురియునది వెలుగు. సూపర్‌జూమ్‌లలో పెక్కింటి సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు గలది. అనగా దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. నికాన్ డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌.లలోని చిన్న తరగతి సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు గలది. అది 366 చదరపు మిల్లీమీటర్లు. కేనన్‌వారిది కొంచెము చిన్నది. మొత్తముమీద పెద్దది చిన్నదానికంటె పండ్రెండు పదుమూడు రెట్లున్నది. వెలుగు విరివిగా నున్న మధ్యాహ్నమున ఈ తేడా కంటికి కనబడదు. మందుగిన్నె సైతము నిండిపోవును. దీపాలవేళ మాత్రము చిన్న సెన్సర్ తీసిన చిత్రమున రవ్వరవ్వలుగా గింజలు తేలును, ముఖముల రంగు పాలిపోవును.

ఐనచో చిన్న సెన్సర్ ఎందుకు? ఆ చిన్నతనము వలననే దూరదృష్టి లభించుచున్నది. సెన్సర్ చిన్నదైన కొలది, అదే దృశ్యమును పట్టుటకు పొట్టి లెన్సు చాలును. 2018లో వెలువడిన కేనన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్ 740 కెమెరా బరువు సుమారు 300 గ్రాములు. పాతకాలపు 35 మిల్లీమీటర్ల ఫిలిము లెక్కన దాని లెన్సు 24 మొదలు 960 వఱకు పోవును. అనగా 40 రెట్లు. కాని లోపలి లెన్సు యొక్క నిజమైన నాభ్యంతరము 172 మిల్లీమీటర్లు మాత్రమే. పెద్ద కెమెరాతో అంత దూరము చూడవలెనన్నచో 600 మిల్లీమీటర్ల లెన్సు కావలెను. సిగ్మా, టామ్రాన్ సంస్థలు చేయు 150–600 లెన్సు ఒక్కటియే సుమారు రెండు కిలోల బరువుండును. దాని ధర కెమెరా ధరను మించును. నికాన్‌వారు 2018లో తెచ్చిన కూల్‌పిక్స్ పి 1000 అను సూపర్‌జూమ్ 125 రెట్లు, ఫిలిము లెక్కన 3000 మిల్లీమీటర్ల వఱకు పోయి, చంద్రునిలోని గుంతలను సైతము చూపగలదు. అయితే దాని బరువు 1400 గ్రాములకు పైగా నుండుటచే దానిని చిన్న కెమెరా యనుటకు నోరాడదు.

ఈ "రెట్లు" అను మాటలో నొక మర్మమున్నది. నలుబది రెట్లనగా వస్తువు మన కంటికి కనబడుదానికంటె నలుబది రెట్లు పెద్దదిగా కనబడునని కాదు. ఆ లెన్సు యొక్క మిక్కిలి విశాలమైన చూపునకును మిక్కిలి దూరమైన చూపునకును గల నిష్పత్తి అది. డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌.తో పాటు వచ్చు 18–55 లెన్సు మూడు రెట్లది. 70–300 లెన్సు నాలుగు రెట్లకు కొంచె మెక్కువ. కాని అది 18–55 కంటె అయిదురెట్లకు పైగా దూరము చూచును. కావున రెట్లను గాక చివరి యంకెను చూడవలెను. "డిజిటల్ జూమ్" అని పెట్టెపై వ్రాసియున్న పెద్ద యంకెలను అసలే లెక్కింపవలదు. అది తీసిన చిత్రమును కత్తిరించి పెద్దది చేయుట మాత్రమే. ఆ పని ఇంటిలో కూర్చుండి మనమే చేసికొనవచ్చును.

మెగాపిక్సెళ్ల సంగతియు నిట్టిదే. సాధారణముగా ఆల్బములో పెట్టుకొను నాలుగంగుళముల, ఆఱంగుళముల ఫొటోకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 22 లక్షల చుక్కలు, అనగా 2.2 మెగాపిక్సెళ్లు చాలును. ఎనిమిది పండ్రెండంగుళముల పటమునకు దాదాపు 8.6 చాలును. నేటి కెమెరాలలో చౌకదానియందును ఇంతకు మించి యుండును గనుక, ఇందు హెచ్చుతగ్గులను జూచి మోసపోరాదు.

ఇప్పుడు మన యిండ్లలోని సందర్భములకు వత్తము. అమ్మాయి కూచిపూడి నాట్యము నేర్చుకొని తొలిసారి వేదికనెక్కినదనుకొందము. సభామందిరము చీకటి, వేదికపై రంగుదీపములు. చేతులు, కాళ్ళు చెదరిపోకుండ పట్టవలెనన్నచో సెకనులో 250వ వంతు కాలములో చిత్రము పడవలెను. ఆ కొద్ది వ్యవధిలో చిన్న సెన్సర్‌పై చేరు వెలుగు బహుస్వల్పము. అదిగాక జూమ్‌ను ముందునకు సాగించిన కొలది లెన్సు ద్వారము ఇఱుకగును. చేయి వణకకుండ చూచు ఏర్పాటు సూపర్‌జూమ్‌లలో నుండును. కాని అది మన చేతి వణకును మాత్రమే యాపును, నర్తకి యడుగును ఆపలేదు. ఫలితముగా చిత్రమున చీర కనబడును, ముఖము పొగవలె నుండును.

డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌. కొన్నంతమాత్రాన నీ కష్టము పూర్తిగా తీఱునని తలంపరాదు. దానితో వచ్చు 18–55 లెన్సును చివరివఱకు సాగించినపుడు దాని ద్వారము ఎఫ్ 5.6. దానికి బదులు ఎఫ్ 1.8 గల చిన్న లెన్సును వేసినచో సుమారు పదిరెట్ల వెలుగు లోనికి వచ్చును. కేనన్‌వారి 50 మిల్లీమీటర్ల లెన్సు, నికాన్‌వారి 35 మిల్లీమీటర్ల లెన్సు ఇట్టివి. ఇవి తేలికయైనవి, ఆయా సంస్థల లెన్సులలో చవుకవైన వానిలో చేరినవి. వీనికి జూమ్ లేదు. దగ్గఱకు పోవలెనన్నచో మన కాళ్లతోనే పోవలెను, నాట్యసభలో ముందు వరుసలలో కూర్చుండవలెను. పెండ్లిమండపము, పుట్టినరోజు దీపము, కిటికీచెంత జపమాలతో కూర్చున్న తాతగారు, నిద్రించు పసికందు మున్నగు చిత్రములన్నింటికి నీ లెన్సు చేయు మేలు మఱేదియు చేయలేదు. పెద్ద కెమెరా కొని, ఇట్టి లెన్సు కొనకుండుట వీణను కొని తంతులు బిగింపకుండుట వంటిది.

వేగమును గూర్చి గూడ చెప్పవలెను. పిల్లలు నిలువరు. డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌.లో దృష్టిని కుదుర్చుటకు ప్రత్యేకమైన సెన్సర్ ఉండి, లెన్సు ఏ ప్రక్కకు ఎంత తిరుగవలెనో ఒక్కమారుగ కనుగొనును. చిన్న కెమెరాలలో పెక్కు ముందునకు, వెనుకకు లెన్సును కదలించి చూచుకొనుచు స్పష్టతను వెదకును. వెలుగు తక్కువైనపుడు ఆ వెదకులాటలో బిడ్డ నవ్వు కాస్త పోవును. ఒకసారి విద్యుత్తు నింపినచో నికాన్ డి 3500 కెమెరా 1550 చిత్రముల వఱకు తీయునని దాని లెక్క. చిన్నవి సాధారణముగా మూడువందల చుట్టుప్రక్కల నాగిపోవును.

ఇక రెండవ ప్రక్కను జూతము. సంక్రాంతి సెలవులలో పిల్లలతో పులికాటు సరస్సునకు పోయితిరనుకొనుడు. రాజహంసలు బహుదూరమున నీటినడుమ గుంపులుగ నిలిచియుండును. నేలపట్టులోను, కొల్లేటి ప్రక్కన ఆటపాకలోను గూడబాతులు గూళ్లు కట్టుకొని యుండును. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ పట్టికకెక్కిన రామప్పగుడి చూరుక్రింద మదనికల శిల్పములు మన తలకు పైన నుండును. ఇచ్చట 18–55 లెన్సుతో పక్షి తెల్లని చుక్కయగును. వెలుగు పుష్కలముగ నున్నది గనుక చిన్న సెన్సర్ లోపము బయటపడదు. గుప్పిటిలోని సూపర్‌జూమ్ ఇక్కడ రాణించును. ఒక చంకలో బిడ్డను, ఒక చేత సంచిని పట్టుకొని నడచు తల్లికి 300 గ్రాములకును, సంచి, రెండు లెన్సులు కలిసిన కిలోన్నర బరువునకును భేదమెంతయో మగవారికంటె మనకే బాగుగ తెలియును. బరువని యింట విడిచిపెట్టిన కెమెరా యెంత గొప్పదైనను ఒక్క చిత్రమును తీయదు.

వెలను గూర్చి యొక హెచ్చరిక. సూపర్‌జూమ్ కొన్ననాటితో ఖర్చు దాదాపు ముగియును. డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌. కొన్ననాడు ఖర్చు మొదలగును. ఎఫ్ 1.8 లెన్సు, దూరపు లెన్సు, సంచి, మెమొరీ కార్డు, తేమ తగులని డబ్బా వీనినన్నింటిని ముందే కాగితముమీద వేసికొని, ఆ మొత్తమును సూపర్‌జూమ్ ధరతో పోల్చవలెను. అంగడిలో పెట్టెపై నున్న రెండు ధరలను మాత్రమే పోల్చుట సరియైన లెక్క కాదు.

మఱియొక ముఖ్యవిషయము. కాలము మాఱినది. కేనన్, నికాన్ సంస్థలు తమ శ్రద్ధను అద్దములేని కెమెరాల వైపునకు మరల్చినవి. 2018లో వచ్చిన నికాన్ డి 3500 తయారీ 2022 నాటికి ఆగిపోయినది. వాని స్థానమున 2022లో నికాన్ జడ్ 30, 2023లో కేనన్ ఆర్ 50, ఆర్ 100 వెలువడినవి. వీనిలో నద్దము లేకున్నను సెన్సర్ ఆ పెద్దదే. కావున వెలుగును గూర్చి పైని చెప్పిన మాటలు వీనికిని వర్తించును. క్రొత్తది కొనువారు వీనిని గూడ చూడవలెను. కేనన్ పాత లెన్సులు నడిమి కడియము సాయమున క్రొత్తవానికి అమరును. ఆ కడియము ధరను గూడ లెక్కలో వేసికొనవలెను. రెండింటికి నడుమ నుండు మధ్యమార్గము ఒకటి గలదు. పానసోనిక్ ఎఫ్‌జడ్ 1000 వంటి "ఒక అంగుళపు" సెన్సర్ కెమెరాలలో సెన్సర్ 116 చదరపు మిల్లీమీటర్లు, జూమ్ ఫిలిము లెక్కన 25 నుండి 400. లెన్సు మార్చు బాధ లేక, వెలుగు కొంత యెక్కువగా కావలెననువారికి ఇది తగును.

పలువురు తమ పాత డి.ఎస్‌.ఎల్‌.ఆర్‌.లను అమ్ముచుండుటచే, వాడినదానిని తక్కువ సొమ్ముకు కొనుట నేడు తెలివైన పనియే. కాని పరీక్షింపక కొనరాదు. లెన్సును వెలుగునకెదురుగ పట్టి లోన సాలెపోగులవంటి బూజున్నదేమో చూడుడు, ఉన్నచో వలదనుడు. ద్వారమును ఎఫ్ 16కు ఇఱికించి తెల్లని ఆకాశమును తీసి, నల్లని మచ్చలున్నవేమో చూడుడు. ఉన్నచో సెన్సర్‌పై దుమ్మున్నదని యర్థము. ఇంతవఱకు ఎన్ని చిత్రములు తీసినదో యడుగుడు. ఈ తరగతి కెమెరాలలో పెక్కింటి షట్టర్‌ను దాదాపు లక్ష చిత్రములకు మన్నునట్లు చేయుదురు. నికాన్ డి 3500 వంటి వానిలో లెన్సును త్రిప్పు మోటారు ఉండదు గనుక, మోటారులేని పాత లెన్సులు వానిపై చేతితోనే త్రిప్పుకొనవలసి వచ్చును. చవుకయని అట్టి లెన్సును కొని చింతింపకుడు.

కొన్నపిమ్మట కాపాడుట గృహిణి చేతిలోనిది. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరపు ఊళ్లలో గాలి తేమగా నుండుటచే, బీరువాలో తోలుసంచిలో మూసిపెట్టిన లెన్సునకు బూజు పట్టుట సామాన్యము. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచుడు. ఆ గింజల రంగు మాఱినపుడు వంటకు వాడని పాతగిన్నెలో సన్నని సెగపై ఆరబెట్టి మరల వాడవచ్చును. పిల్లల చేతికి అందనీయకుడు. నెలకొకసారి బయటకు తీసి నాలుగు చిత్రములు తీయుడు. గాలిదుమ్ములో లెన్సు మార్చకుడు. సూపర్‌జూమ్‌లో లెన్సు సాగునపుడు దుమ్ము లోనికి పోయినచో ఇంట తుడువ వీలుకాదు గనుక, ఇసుకతిన్నెలమీద దానిని సంచిలోనే యుంచుట మేలు.

ఇంతకును ఏది కొనవలెను? ఒక కాగితమును తీసికొని, గత సంవత్సరమున మీరు తీయగోరియు తీయలేకపోయిన పది చిత్రములను వ్రాసికొనుడు. వానిలో ఎక్కువ "దూరమయ్యెను" అనునవి యైనచో సూపర్‌జూమ్ కొనుడు. ఎక్కువ "చీకటియయ్యెను", "కదలిపోయెను" అనునవియైనచో పెద్ద సెన్సర్ గలదానిని, ఎఫ్ 1.8 లెన్సుతో కలిపి, కొనుడు. కాగితము సగమైనను నిండకున్నచో ఫోనే చాలును, సొమ్ము మిగిలినది. నా యభిప్రాయమడిగినచో, యాత్రలు పక్షులు ప్రధానముకాని సామాన్య గృహమునకు, పిల్లలు పెరుగుచు పెద్దలు వృద్ధులగుచున్న యింటికి, పెద్ద సెన్సరే తగును. మనము మరల పొందలేని ముఖములన్నియు ఇంటిలో, దీపపు వెలుగులో, చేయి చాచిన దూరములోనే యున్నవి. అయితే ఆ యింట నొక్కరైన దానిని నేర్చుకొనుటకు పదిదినములు శ్రద్ధ చూపవలెను. అట్టివారు లేకున్నచో సూపర్‌జూమే ఉత్తమము.

ఏది కొన్నను ఏడాదికొకమారు ఇరువది చిత్రములనైన కాగితముపై అచ్చువేయించి ఆల్బములో నుంచుడు. ఫోనులోను, కార్డులోను నున్నవి ఒక్కనాటితో మాయమగుటయు గలదు. మఱియొక సంగతి. పలు యిండ్ల ఆల్బములలో తల్లి కనబడదు. చిత్రములు తీయునది ఆమెయే గనుక, లేదా ఆ సమయమున వంటింటిలో నుండును గనుక. పదేండ్ల బిడ్డకు సైతము మీట నొక్కుట నేర్పవచ్చును. కెమెరా కొన్న మొదటి వారములోనే ఆ పాఠము చెప్పి, పండుగనాడు మీరును వచ్చి నడుమ నిలువుడు.